గొట్టాలు రెండూ పట్టుకు చూడు!

మాఘమాసం చలికి మాకులు కూడా వణుకుతాయని మా అమ్మమ్మ అంటుండేది. మా బెజవాడలో మాకులు వణకడం నేనైతే చూళ్ళేదు. సంక్రాంతి నెలలో తెల్లవారుజామున ముగ్గెయ్యడానికి లేస్తే ఒక శాలువా కప్పుకునేవాళ్ళం. అదీ ఎండ పొడ వచ్చేదాకానే. చలంటే నాకు తెలిసింది అంత. అలాంటి నన్ను పెళ్ళి చేసి అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రానికి పంపించారు. పైన కెనడా సరిహద్దు. ఏడాదిలో నాలుగైదు నెలలు నేల కనపడదు, మంచే.

నేను చెప్పబోయేది 2019 జనవరి నాటి సంగతి. ఒక పాత పికప్ బండిలో హీటర్ చెడిపోతే దాన్ని నేను బాగుచేసుకున్న వైనం. ‘‘ఇదేమిటమ్మా, ఆడవాళ్ళ పేజీలో బండి రిపేరా?’’ అని పేజీ తిప్పెయ్యకండి. వడియాలూ ఊరగాయలూ అందరం పెడుతూనే ఉన్నాం, ఈ ఒక్కసారికి ఇది వినండి.

పికప్ అంటే ముందు క్యాబిన్, వెనక సామాన్లు వేసుకునే తొట్టి. మన దగ్గర మార్కెట్ యార్డులకి కూరగాయలు తోలే చిన్న బళ్ళలాంటిదే. కాకపోతే ఇక్కడివాళ్ళు దాన్ని ఇంటి కారులాగా కూడా వాడతారు. మావారికి ఎందుకో దానిమీద మోజు. వ్యవసాయం మానేసి ఊరు వదిలి వెళ్తున్న ఒక ముసలాయన దగ్గర 1998 మోడల్ బండిని 1900 డాలర్లకి కొన్నారు. తలుపు అంచులు తుప్పుపట్టి ఉన్నాయి. వెనక చిన్న సీటు ఉంది. ‘‘ఈ పాతసామాను ఎందుకండీ?’’ అని నేను వారం రోజులు సాధించాను. మా మంచి కారు ఉండగా ఇదెందుకన్నది నా వాదన.

ఆ మంచి కారు డిసెంబరులో మంచుమీద జారి రోడ్డు పక్క కాలవలో పడింది. మనుషులకి ఏమీ కాలేదు, దేవుడు చల్లగా చూశాడు. ఇన్సూరెన్స్ వాళ్ళు వచ్చి చూసి, బాగుచేయించడం దండగ అని తేల్చేశారు. మావారు అప్పటికి రెండు నెలలుగా ‘బెంచి’ మీద ఉన్నారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళున్న ఇళ్ళలో ఈ మాట విననివాళ్ళుండరు. పని లేదు, జీతం లేదు. జనవరి మొదట్లో డల్లాస్‌లో ప్రాజెక్టు దొరికితే ఆయన అక్కడికి వెళ్ళిపోయారు. మూడు వారాలకి ఒకసారి వస్తానన్నారు. మిగిలింది నేనూ, నాలుగేళ్ళ మా పాపా, ఆ పాత పికప్పూ.

మా పాపకి మాటలు ఆలస్యం. నాలుగేళ్ళు నిండినా పట్టుమని పాతిక మాటలు లేవు. మేముండే చిన్న ఊరి నుంచి రాచెస్టర్‌కి పద్దెనిమిది మైళ్ళు, అంటే దాదాపు ముప్పై కిలోమీటర్లు. అక్కడ వారానికి రెండుసార్లు, సోమవారం, శుక్రవారం, మాటలు నేర్పే థెరపీకి తీసుకెళ్ళాలి. ఆ వేళల కోసం ఐదు నెలలు వరసలో వేచి ఉన్నాం. చెప్పకుండా రెండుసార్లు మానేస్తే ఆ సమయం ఇంకో పిల్లకి ఇచ్చేస్తామని మొదటిరోజే కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. వాళ్ళ తప్పు కాదు. వెనక వరసలో ఎంతమంది తల్లులున్నారో!

సరిగ్గా అప్పుడే, జనవరి రెండో వారంలో హీటర్ మొండికేసింది.

మొదట గోరువెచ్చగా వచ్చేది. తర్వాత చల్లగాలే. ఫ్యాను మాత్రం హోరుమని తిరుగుతోంది. చలిదేశంలో బండికి హీటర్ సుఖం కోసం మాత్రమే కాదండీ. మనం వదిలే ఊపిరి లోపలి అద్దానికి పట్టి, ఆవిరిగా కూడా ఉండకుండా అక్కడే మంచుపొరగా గడ్డకడుతుంది. వేడిగాలి కొట్టకపోతే ఎదురుగా రోడ్డు కనపడదు. ఒక సోమవారం నేను ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో పాత లైబ్రరీ కార్డుతో అద్దం గీక్కుంటూ రాచెస్టర్ వెళ్ళాను. ఇంకో చిక్కుంది. పిల్లల సీటులో కూర్చోబెట్టినప్పుడు దళసరి కోటు వెయ్యకూడదు. కోటు ఉబ్బు వల్ల బెల్టు బిగుతుగా ఉన్నట్టే ఉంటుంది, ప్రమాదం జరిగితే ఆ ఉబ్బు నలిగి పిల్ల జారిపోతుంది. అందుకని కోటు విప్పి, బెల్టు బిగించి, పైన దుప్పటి కప్పాలి. హీటరున్న బండిలో అది బాగానే ఉంటుంది. లేని బండిలో దారిపొడుగునా వెనక్కి చెయ్యి చాపి పిల్ల కాళ్ళు తడుముకుంటూ పోవడమే.

షాపుకి తీసుకెళ్ళాను. అతను చూసి, ‘‘లోపల హీటర్ కోర్ పోయింది. మార్చాలంటే డాష్‌బోర్డు మొత్తం విప్పాలి. ఎనిమిది తొమ్మిది గంటల పని. పదకొండు వందల డాలర్లు’’ అన్నాడు. ఆ భాగం వెల యాభై అరవై డాలర్లకి మించదట. మిగతాదంతా కూలి. బండి కొన్నదే పంతొమ్మిది వందలకి! అతను మోసగాడని నేననను. గంటల లెక్కన బతికేవాడికి, చేసిన పని మళ్ళీ తిరిగి రాకూడదంటే కొత్తది వెయ్యడమే క్షేమం. నా దగ్గర పదకొండు వందలు లేవు, అంతే.

రాత్రి ఫోనులో మావారికి చెబితే, ‘‘నేనొచ్చాక చూద్దాం, ఈలోపు నువ్వు బండి తియ్యకు’’ అన్నారు. ఆయనొచ్చేది ఫిబ్రవరి రెండో వారం. అప్పటికి ఎన్ని సోమవారాలు, ఎన్ని శుక్రవారాలు? పాప నిద్రపోయాక కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని, మా నాన్నకి ఫోన్ చేశాను.

మా నాన్న గురించి చెప్పాలి. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో రేడియేటర్ మేస్త్రీ. నలభై ఏళ్ళు లారీల రేడియేటర్లు బాగుచేశారు. ఆటోనగర్ తెలియనివాళ్ళకి చెబుతున్నా. లారీ కట్టుబడి నుంచి బోల్టు దాకా దొరకని వస్తువుండదు, తెలియని పని ఉండదు. అక్కడ మా నాన్న షెడ్డు పది అడుగుల వెడల్పు. ఒక పెద్ద నీళ్ళ తొట్టి. రేడియేటర్‌లోకి గాలి ఎక్కించి ఆ తొట్టిలో ముంచితే, చిల్లి ఎక్కడుందో అక్కడ బుడగలొస్తాయి. టంకం కరిగించి పై మూత ఊడదీసి, సన్నటి ఇనుప రేకుతో లోపలి గొట్టాలు ఒక్కొక్కటే పొడిచి శుభ్రం చేసేవారు. ఇదంతా నేను చూసింది గేటు బయటి నుంచే. బడి సెలవుల్లో భోజనం కారియర్ నేనే పట్టుకెళ్ళేదాన్ని. గేటు దాటనిచ్చేవారు కాదు. ‘‘ఆడపిల్లకి షెడ్డులో పనేంటి, ఇంటికి పో’’ అనేవారు. మా తమ్ముణ్ణి మాత్రం బలవంతాన కూర్చోబెట్టుకున్నారు. వాడు నెల తిరక్కుండా పారిపోయి ఇప్పుడు టైల్స్ షాపు నడుపుతున్నాడు. నేను బీఎస్సీ చదివాను. రేడియేటర్ పట్టుకున్నది ఎప్పుడూ లేదు.

మాకు రాత్రి ఎనిమిదైతే వాళ్ళకి మర్నాడు పొద్దున్న ఏడున్నర. నాన్న కాఫీ తాగుతున్నారు. సంగతంతా విని, ‘‘హీటరా? మా లారీల వాళ్ళు క్యాబిన్‌లో వేడి ఎట్టా పోతుందా అని ఏడుస్తుంటే మీకు వేడి కావాలా!’’ అని నవ్వారు. తర్వాత, ‘‘అల్లుడుగారు లేకుండా నీకెందుకమ్మా ఈ గొడవ? చుట్టుపక్కల మగాళ్ళెవరూ లేరా?’’ అన్నారు.

‘‘లేరు నాన్నా. నేనే చెయ్యాలి. మీరు చెబితే చేస్తా, లేకపోతే తెలియకుండానే చేస్తా’’ అన్నాను. కాస్త కటువుగానే అన్నాననుకుంటా. అటు కొంచెం సేపు మాట లేదు.

‘‘బోనెట్ ఎత్తి చూపించు’’ అన్నారు.

ఇక్కడ అసలు హీటర్ ఎలా పనిచేస్తుందో చెప్పాలి. నేనూ ఆ రాత్రే తెలుసుకున్నా. ఇంజన్‌లో కాలే పెట్రోలు శక్తిలో సగానికి పైగా వేడిగానే పోతుంది. ఆ వేడికి ఇంజన్ కరిగిపోకుండా చుట్టూ కూలెంట్ తిరుగుతుంటుంది. అది వేడెక్కి రేడియేటర్‌కి వెళ్ళి చల్లారి మళ్ళీ వెనక్కొస్తుంది. ఆ వేడి ద్రవంలో కొంత ఒక గొట్టం ద్వారా డాష్‌బోర్డు వెనకాల ఉన్న చిన్న పెట్టెలోకి పోయి, ఇంకో గొట్టం ద్వారా తిరిగొస్తుంది. ఆ పెట్టే హీటర్ కోర్. దాని మీదుగా ఫ్యాను గాలి కొడితే మనకి వెచ్చటి గాలి. అంతే! మన పాత వంటిళ్ళలో పెద్ద పొయ్యి మంటలో మిగిలిన సెగతో వెనకాల కోడిపొయ్యి మీద పాలు కాగేవి కదా, అలాంటిదే. ఎలాగూ పారబోసే వేడినే వాడుకోవడం. అందుకే పెట్రోలు బండిలో హీటర్‌కి వేరే ఖర్చుండదు.

‘‘ఓస్! అది బుల్లి రేడియేటరేగా!’’ అన్నారు నాన్న. ఆయన గొంతు అప్పుడే మారింది.

ఇంకో ముచ్చట కూడా ఇక్కడే చెప్పేస్తా, తర్వాత మర్చిపోతాను. 1893లో షికాగోకి చెందిన మార్గరెట్ విల్‌కాక్స్ అనే ఆవిడ ‘కార్ హీటర్’కి అమెరికాలో పేటెంట్ తీసుకుంది. ఆ రోజుల్లో కార్ అంటే రైలుపెట్టె. వానలో అద్దం తుడిచే వైపర్‌కి 1903లో పేటెంట్ తీసుకున్నది కూడా ఆడమనిషే, అలబామాకి చెందిన మేరీ ఆండర్సన్. బండిలో చలినీ, అద్దం మీద మంచునీ గురించి ముందుగా ఆలోచించినవాళ్ళలో ఆడవాళ్ళున్నారన్నమాట. నాకేమీ ఆశ్చర్యం లేదు. పక్కన పిల్లని కూర్చోబెట్టుకున్నవాళ్ళకే అవి గుర్తొస్తాయి.

సరే, నాన్న పరీక్ష మొదలైంది. ‘‘వేడి చూపించే ముల్లు ఎక్కడుంది?’’ ఇంజన్ ఓ పావుగంట నడిచాక మధ్యలో నిలబడుతోంది. అంటే థర్మోస్టాట్ బాగానే ఉంది. అది తెరుచుకుని ఇరుక్కుపోతే ఇంజనే వేడెక్కదు, ముల్లు అడుగునే ఉంటుంది. ‘‘కూలెంట్ నిండుగా ఉందా?’’ బండి చల్లారాక చూస్తే గీత కంటే వేలెడు తక్కువ. పోశాను. అయినా చల్లగాలే. వేడిచల్లని మీట తిప్పితే లోపల చిన్న తలుపు ‘టప్’మని పడుతున్న చప్పుడు వినిపిస్తోంది కాబట్టి అదీ చెడిపోలేదు. కాళ్ళ దగ్గర చాప తడిగా ఉందా, బండిలో తియ్యటి వాసనొస్తోందా అని అడిగారు. రెండూ లేవు. అంటే కోర్‌కి చిల్లి పడలేదు.

‘‘అయితే గొట్టాలు రెండూ పట్టుకు చూడు’’ అన్నారు.

ఇంజన్‌కీ, మనం కూర్చునే చోటుకీ మధ్య ఉన్న ఇనుప గోడలోంచి బొటనవేలంత లావు రబ్బరు గొట్టాలు రెండు లోపలికి పోతున్నాయి. ఫ్యానుకీ, బెల్టుకీ దూరంగా ఒళ్ళు దగ్గర పెట్టుకుని, చెయ్యి ఆనించాను. ఒకటి పెనం మీద వేలు పెట్టినట్టు చురుక్కుమంది. రెండోది చల్లగా ఉంది. వంటింట్లో కుళాయి పైపంత చల్లగా.

‘‘ఒకటి కాలుతోంది, ఒకటి చల్లగా ఉంది నాన్నా.’’

‘‘అయితే పెట్టె పోలేదమ్మా. పూడుకుపోయింది. వేడినీళ్ళు లోపలికి పోలేకపోతున్నాయి. మార్చక్కర్లేదు, కడగాలి.’’

ఆ మాటకి నాకు ఎంత ఊరటో చెప్పలేను. పూడిక ఎందుకు పడిందో కూడా ఆయనే ఊహించారు. రేడియేటర్ కారుతుంటే మన లారీ డ్రైవర్లు దారిలో పసుపు పోస్తారు. పసుపు ఉండకట్టి చిల్లి మూసుకుంటుంది, ఊరు చేరతారు. ఆ పసుపు చిల్లి దగ్గరే ఆగుతుందా? సన్నటి గొట్టాలన్నిట్లోకీ పోయి కూర్చుంటుంది. అమెరికాలో పసుపుకి బదులు కారుడు ఆపే పొడులూ మందులూ షాపుల్లో అమ్ముతారు. బండి అమ్మిన ముసలాయన పోయించి ఉంటాడు. బండిలో అన్నిటికంటే సన్నటి దారులుండేది హీటర్ కోర్‌లోనే కనక ముందు పూడేది అదే.

జనవరి 26, శనివారం పని పెట్టుకున్నాం. మాకు పొద్దున్న ఎనిమిది, నాన్నకి రాత్రి ఏడున్నర. పాపని పక్కింటావిడ చూస్తానంది. డెబ్భై ఏళ్ళ మనిషి, స్కూలు బస్సు నడిపి రిటైరైంది. తన కటింగ్ ప్లేయరూ, స్క్రూడ్రైవర్లూ ఇచ్చి, ‘‘వేళ్ళు జాగ్రత్త’’ అంది. నీళ్ళు ఎలా కొట్టాలన్నది పెద్ద చిక్కు. మన ఊళ్ళో అయితే పెరట్లో పైపు పెడతాం. ఇక్కడ చలికాలం బయటి కుళాయిలు కట్టేస్తారు, లేకపోతే పగిలిపోతాయి. ఆ ఉపాయం పక్కింటావిడే చెప్పింది. బట్టలుతికే మిషను వెనక ఉన్న కుళాయికీ, తోటకి నీళ్ళు పెట్టే పైపుకీ మర ఒకటే! పైపు అక్కడ బిగించి ఇంట్లోంచి గ్యారేజీ దాకా పరిచాను. పైగా గోరువెచ్చటి నీళ్ళొచ్చే కుళాయి.

ఫోన్‌ని తీగతో బోనెట్ కడ్డీకి వేలాడదీశాను. నాన్న మొహం అందులోంచి ఇంజన్ని చూస్తోంది. ‘‘ఇంజన్ పూర్తిగా చల్లారిందా? చెయ్యి పెట్టి చూశావా? వేడి మీద మూత ముట్టుకోకు’’ అని మూడుసార్లు చెప్పారు. ఆయన కుడి ముంజేతి మీద మోచెయ్యి దాకా తెల్లటి మచ్చ ఉంది. నేను పుట్టకముందు, వేడి రేడియేటర్ మూత తీసినప్పుడు ఎగజిమ్మినది. చిన్నప్పుడు ఆ మచ్చ మీద వేలితో బొమ్మలు గీసేదాన్ని.

కింద బకెట్ పెట్టి క్లిప్పులు వదులు చేశాను. ఇరవయ్యేళ్ళ రబ్బరు పైపుకి అతుక్కుపోయింది. లాగబోతే నాన్న అరిచారు. ‘‘లాగకు! లోపలిది మెత్తటి పైపు, వంకర పోయిందంటే పదకొండు వందలూ కట్టాల్సిందే. అటూ ఇటూ తిప్పు. తిరక్కపోతే రబ్బరు నిలువునా కొయ్యి, పోయేది రబ్బరేగా.’’ ఒకటి తిరిగింది. రెండోది కోశాను.

ఇక కడగడం. నీళ్ళు వచ్చే దారిన కాదు, పోయే దారిన పెట్టాలి. అంటే చల్లగా ఉన్న గొట్టం వైపునుంచి. పూడిక వచ్చిన దారినే వెనక్కి పోతుంది. కుళాయి సన్నగా తిప్పాలి. జోరుగా కొడితే పాత టంకాలు విచ్చిపోతాయి. మొదట ఏమీ రాలేదు. రెండో గొట్టంలోంచి బొట్టు బొట్టుగా కారింది. తర్వాత గడగడమని చప్పుడై, బురద! చింతపండు పులుసు రంగులో, అడుగున ఇసకలాగా తుప్పు. ఒక బకెట్, రెండు బకెట్లు. నాన్న తన పాత లోకంలోకి వెళ్ళిపోయారు.

‘‘ఆపు. ఇప్పుడు ఇటునుంచి పెట్టు. మళ్ళా అటునుంచి. ఆ క్లిప్పు కింద పడింది చూడు, తియ్యి. ఏరా, వెలుగు ఇటు పట్టరా!’’

అది షెడ్డులో కుర్రాళ్ళతో మాట్లాడే మాట. ఆయన అన్నది ఆయనకి తెలియదు. నేను మాట్లాడకుండా టార్చి అటు పట్టాను.

నీళ్ళు తేటగా వచ్చేసరికి గంటన్నర పట్టింది. తర్వాత పరుపుకి గాలికొట్టే పంపుతో కోర్‌లో మిగిలిన నీళ్ళన్నీ తోసేశాం. ఇది నాన్నకి తట్టలేదు, నాకు తట్టింది. బెజవాడలో నీళ్ళు మిగిలితే ఏమీ కాదు, ఇక్కడ గడ్డకట్టి ఉబ్బి పెట్టెనే చీలుస్తాయి. అందుకే ఇక్కడ కూలెంట్‌లో సగం యాంటీఫ్రీజ్, సగం నీళ్ళు. ఆ పాళ్ళలో ఉంటే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. తమాషా ఏమిటంటే, చిక్కగా ఉంటే మంచిదని ఉత్త యాంటీఫ్రీజ్ పోస్తే అది మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. ఏ బండికి ఏ రకం కూలెంట్ అన్నది బండి పుస్తకంలో ఉంటుంది. రంగులు చూసి కలిపెయ్యకూడదు.

ఒక్క హెచ్చరిక. ఈ యాంటీఫ్రీజ్ తియ్యగా ఉంటుంది, తియ్యటి వాసనొస్తుంది, కానీ విషం. పిల్లలు, కుక్కలు, పిల్లులు నాకితే ప్రాణం మీదికొస్తుంది. నేను ప్రతి చుక్కా బకెట్లో పట్టి, మూతల డబ్బాల్లో పోసి, తర్వాత కౌంటీ వాళ్ళ ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో అప్పజెప్పాను.

కొత్త గొట్టం ముక్కా, కొత్త క్లిప్పులూ వేసి, కూలెంట్ పోశాను. గ్యారేజీ తలుపు పూర్తిగా ఎత్తాకే ఇంజన్ స్టార్ట్ చేశాను. మూసిన గదిలో బండి పొగ వాసన లేకుండానే మనిషిని చంపేస్తుంది. డాష్‌బోర్డు వెనక గడగడమని నీళ్ళ చప్పుడు. ‘‘గాలి పట్టింది’’ అన్నారు నాన్న. బండి ముందువైపు ఎత్తుగా ఉండేలా వాలు మీదికి తెచ్చి, ఇంజన్ చల్లారాక మూత తీసి, హీటర్ పూర్తి వేడిలో పెట్టి మళ్ళీ నడిపితే బుడగలన్నీ బయటికొచ్చాయి. తగ్గినకొద్దీ పోశాను. చివర, కూలెంట్ చిక్కదనం చూసే చిన్న సీసా ఒకటి ఉంటుంది, లోపల రంగు గోళీలు తేలతాయి, దానితో చూసుకున్నాను.

‘‘గొట్టాలు పట్టుకు చూడు.’’

రెండూ వేడి. క్యాబిన్‌లోకి ఎక్కి చెయ్యి పెట్టాను. ఎండాకాలం బెజవాడ బస్టాండులో తగిలే గాలి. అక్కడ ఎన్నేళ్ళు తిట్టుకున్నానో ఆ గాలిని!

అప్పటికి వాళ్ళకి అర్ధరాత్రి దాటింది. మా అమ్మ వెనకాలనుంచి ‘‘ఇంక పడుకోనివ్వవే ఆయన్ని’’ అంటోంది. ఆయన మాత్రం, ‘‘ఆ బకెట్ అడుగున మట్టి చూపించు’’ అని అడిగి, ఫోటో తీయించి పెట్టుకున్నారు. మర్నాడు టీ కొట్టు దగ్గర ఎంతమందికి చూపించారో మా తమ్ముడు చెప్పాడు. మొత్తం ఖర్చు నలభై మూడు డాలర్లు.

ఆ మర్నాటి నుంచే మంచు తుపాను. తర్వాత పోలార్ వోర్టెక్స్ అన్నారు, ఉత్తర ధ్రువం నుంచి దిగిన చలి. జనవరి 30న మినియాపొలిస్‌లో మైనస్ 33 డిగ్రీలు. గాలి విసురు కలిపితే ఇంకా దారుణం. బళ్ళు మూసేశారు. మా రాష్ట్రంలో ఆ రోజు పోస్టు బట్వాడా కూడా ఆపేశారు. సోమవారం థెరపీ వాళ్ళే రద్దు చేశారు కనక అది లెక్కలోకి రాలేదు.

శుక్రవారం ఫిబ్రవరి 1న బయల్దేరాం. వెనక తొట్టిలో ఇసక బస్తా, సీట్ల కింద రెండు దుప్పట్లు, ఫ్లాస్కులో పాలు. ఊరు దాటేసరికి అద్దం మీద మంచుపొర కిందనుంచి పైకి కరుగుతూ వెళ్ళింది, తెర ఎత్తినట్టు. పాప దుప్పట్లోంచి చేతులు బయటపెట్టి, గాలి వస్తున్న వైపు చాచి, ‘‘ఏడీ!’’ అంది.

వేడి అందో, నాన్న ఏడీ అందో నాకిప్పటికీ తెలియదు. థెరపీ ఆవిడకి తెలుగు రాదు కనక నేను రెండూ రాయించాను.

మీ కార్లలో కూడా ఏసీ మీట పక్కనే ఎర్రరంగు వైపు తిప్పితే వచ్చేది ఇదే హీటర్. మనకి లంబసింగి వెళ్ళినప్పుడు తప్ప అక్కర్లేదనుకుంటాం. కానీ మే నెల ఎండలో ట్రాఫిక్‌లో ఇంజన్ ముల్లు ఎర్రగీత వైపు పోతుంటే, ఏసీ కట్టేసి, అద్దాలు దించి, హీటర్ పూర్తిగా పెట్టి, పక్కకి తీసి ఆపండి. ఇంజన్ వేడి కొంత ఆ బుల్లి రేడియేటర్ ద్వారా బయటికొచ్చేస్తుంది. మీకు చెమటలు పడతాయి, ఇంజన్ మిగులుతుంది. మూత మాత్రం ముట్టుకోకండి. ఇది మా నాన్న చెప్పమన్న మాట.

ఆ పికప్‌ని 2022 దాకా నడిపాను. మా పాపకి ఇప్పుడు మాటలొచ్చాయి. ఇంట్లో మా ఇద్దరికీ సందు దొరకదు.

బండి అమ్మెయ్యడానికి ముందు ఏడాది పక్కింటావిడ బండిలో ఫ్యాను నాలుగో నంబరు మీదే తిరుగుతోంది, ఒకటి రెండు మూడు పనిచెయ్యడం లేదని వచ్చింది. అది ఫ్యాను తప్పు కాదు, వేగం తగ్గించే రెసిస్టర్ కాలిపోతే అలాగే అవుతుంది. కాగితాలు పెట్టుకునే అర ఊడదీస్తే వెనకాల రెండు స్క్రూలతో ఉంటుంది. అరగంటలో మార్చేశాను. ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి చెప్పాను.

‘‘అదేంటి, రెసిస్టరా? అది నాకు తెలియదే’’ అన్నారు. ఏదో పక్కన పెట్టిన చప్పుడైంది, కాఫీ గ్లాసనుకుంటా. ‘‘మెల్లిగా చెప్పు. ముందు ఏం విప్పావు?’’